పెయ్యి నొప్పులు

డాక్టరు ముందు తల్లి నోరు తెరవకూడదు. ఇది రూప పెట్టిన చట్టం. ఎనిమిదేళ్లుగా బాలనర్సమ్మ ఏ దవాఖానకు పోయినా స్టూలు మీద బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది, జబ్బు సంగతి పక్కన నిలబడి కూతురే చెప్పేది. ఎందుకు చెప్పదు మరి? మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు బళ్ళో తెలుగు టీచరాయె. ఆమెకు నోరు తిరగని మాటంటూ లేదు.

ఆ చట్టం ఊరికే పుట్టలేదు. రూప డిగ్రీ చదివేటప్పుడు తల్లిని మొదటిసారి మహబూబ్‌నగర్‌లో ఒక పేరున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నాట్లు వేసీ, పత్తి ఏరీ అరిగిపోయిన మనిషి బాలనర్సమ్మ. "పెయ్యంత నొస్తాంది సారూ" అంది. పెయ్యి అంటే ఆ ఊళ్ళలో ఒళ్ళు. ఆ డాక్టరుగారి వైపు పెయ్య అంటే ఆవుదూడ. "దూడకు బాగాలేకపోతే పశువుల డాక్టరుకు చూపించాలమ్మా" అన్నాడాయన. కాంపౌండరు పగలబడి నవ్వాడు. తలుపు దగ్గర వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. రూపకు తల కొట్టేసినట్టయింది. అప్పుడా మహాతల్లి చేసిన పనేమిటయ్యా అంటే, తనూ నవ్వింది. ఈ మనిషి మాటకూ తనకూ సంబంధమే లేదన్నట్టు అందరికంటే గట్టిగా నవ్వింది. బాలనర్సమ్మ ఒకసారి తలెత్తి కూతుర్ని చూసి, మళ్ళీ దించుకుంది.

ఆ తర్వాత ఐదుగురు డాక్టర్లు మారారు. రూప అందరికీ ఒకటే ముక్క అప్పజెప్పింది: "అమ్మకు ఒళ్ళునొప్పులండీ." ఒకాయన గ్యాస్ అన్నాడు, ఒకాయన వయసన్నాడు, ఇంకొకాయన రిపోర్టులు తిరగేసి ఏమీ లేదు పొమ్మన్నాడు. అంత చదువుకున్నవాళ్ళు ఏమీ లేదన్నాక కూతురికీ అనుమానం మొదలైంది. నిరుడు కురుమూర్తి జాతరలో తల్లి గుండు చేయించుకుని వస్తే కస్సుమంది.

"ఏం మొక్కే నీకు? రిపోర్టులన్ని మంచిగనే ఉన్నయి గద. ఊకె నకరాలు చేస్తవ్."

బాలనర్సమ్మ కొంగు తలమీదికి లాక్కుంది.

ఆత్మకూర్ డాక్టరు సంగతి చెప్పింది ఊళ్ళోని ఆశా కార్యకర్త లక్ష్మీనర్సమ్మ. "మనం చెప్పేది ఇంటదామె. ఎంతసేపైనా ఇంటది" అందట. రూప ఆ శనివారం సెలవు పెట్టి ఊరికొచ్చింది.

"ఇదే ఆఖరు బిడ్డా" అంది తల్లి బస్సెక్కే ముందు. "ఈమె గూడ ఏం లేదంటే ఇగ యాడికి రాను. గిట్లనే పడుంట."

డాక్టరు పేరు మనస్విని. రూప అలవాటుగా ఫైలు విప్పి, "అమ్మకు ఒళ్ళునొప్పులండీ, ఎనిమిదేళ్లుగా..." అని మొదలుపెట్టింది. డాక్టరు ఫైలు తీసుకుని, మూసి పక్కన పెట్టింది.

"ఇవి తర్వాత చూస్తాను. మీరు కూర్చోండి. అమ్మను చెప్పనివ్వండి."

బాలనర్సమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసింది. "ఒ... ఒళ్ళు..." అని తడబడింది. తర్వాత కూతురి వైపు తిరిగి మెల్లిగా అడిగింది.

"పెయ్యి అనొచ్చునా బిడ్డా?"

నేల చీలితే అక్కడికక్కడే దిగిపోదామనిపించింది రూపకు. తలూపింది.

"పెయ్యంటే ఏంటమ్మా?" అంది డాక్టరు. "మాది కృష్ణా జిల్లా, నాకు తెలీదు. చేత్తో చూపించండి."

బాలనర్సమ్మ చూపించింది. భుజాలకాడ సలుపుతది. నడుముల గుంజుతది. అరికాళ్ళు మండుతయి. పొద్దుగాల లేస్తే వేళ్ళు కట్టెలైతయి, గంటసేపు ముడుసుకోవు. నాలుగు నొప్పులకు ఆమె దగ్గర నాలుగు మాటలున్నాయి. వాటన్నిటినీ ఒక్క మాటలో కుక్కి ఎనిమిదేళ్ళు డాక్టర్లకు అప్పజెప్పింది మన తెలుగు పండితురాలు! డాక్టరు ఒక్కొక్కటీ రాసుకుంది, తెలియని చోట మళ్ళీ అడిగింది.

"చేతులు పైకి లేస్తున్నాయా?"

"లేవవమ్మా. దువ్వెన పట్టరాదు. రెండేండ్లు పక్కింటామెనే తల దువ్వింది. రోజు అడుగుడు సిగ్గయింది. గందుకే కురుమూర్తి కాడ వెంట్రుకలిచ్చిన. మొక్కు అని మా బిడ్డకు చెప్పిన."

రూపకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ గుండు చూసే కదా తను నకరాలంది.

"నొప్పి నిజమేనమ్మా" అంది డాక్టరు. "పూర్తిగా పోతుందని మాటివ్వను. కొన్ని పరీక్షలు, మందులు రాస్తాను. పదిరోజులకు రండి, మళ్ళీ మీరే చెప్పాలి."

తిరుగు బస్సులో తల్లి కిటికీ పక్కన కూర్చుంది. మందుల సంచి ఒళ్ళో పెట్టుకుంది. ఆత్మకూర్ దాటాక రూప అడిగింది.

"డాక్టరమ్మ ఎట్లున్నదే అమ్మా?"

"మంచిది బిడ్డా" అంది బాలనర్సమ్మ. "గంత చెప్పిన గద, ఒక్కసారన్న నవ్వలే."