పీత డిప్పలతో ఒహాయోకి

ఒహాయోలో పాత బొగ్గు గనుల పక్క బావుల్లో నీళ్ళు తుప్పురంగులో, పుల్లగా ఉంటాయి. పీత డిప్పలు దంచి వేస్తే ఆ పులుపు విరిగి, ఇనుము అడుక్కి దిగుతుందని నా థీసిస్. బావి దగ్గర ప్రయోగానికి అనుమతి ఆ ఒక్క ఆదివారమే. అది తప్పితే నా డిగ్రీ ఇంకో సెమిస్టర్ వెనక్కి పోతుంది.

డెట్రాయిట్ శివార్లలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాకు తెలిసిన విజయ ఆంటీ ఇంట్లో శనివారం పీతల విందు. నాకు క్యాంపస్‌లో డ్యూటీ ఉండి వెళ్ళలేకపోయాను. సిగ్గు విడిచి ఫోన్ చేశాను. “ఆంటీ, అందరూ తిని పారేసే డిప్పలు థీసిస్‌కి కావాలి.”

ఆంటీ మెత్తగా, “సండే పొద్దున్నే రా బాబూ, ప్యాక్ చేసి ఉంచుతా” అన్నారు.

రూమ్మేట్ కార్‌లో వెళ్ళి, ఆంటీ ఇచ్చిన ఐస్‌బాక్స్ మూత తీయకుండానే తెచ్చుకుని, డెట్రాయిట్‌లో ఆరూ నలభై బస్సెక్కాను. టికెట్ నలభై రెండు డాలర్లు. టొలీడో దాటాక పక్క సీటు పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు.

“ఆ పెట్టెలో ఏముంది?”

“చెత్తండీ.”

“మా ఆవిడ వంటకన్నా నయంగా ఉందే మీ చెత్త!” అని నిట్టూర్చాడు.

పదిన్నరకి కొలంబస్‌లో దిగితే, సామానుతో శనివారమే వచ్చేసిన మా ప్రొఫెసర్, ఇద్దరు క్లాస్‌మేట్లు వ్యాన్‌తో ఎదురుచూస్తున్నారు. పన్నెండింటికి బావి దగ్గర మూత తీశాను. ఖాళీ డిప్ప ఒక్కటీ లేదు. మసాలాలో నిగనిగలాడుతూ రెండు డజన్ల పీతలు, పక్కన డబ్బాలో అన్నం! ఎంగిలి డిప్పలు ఇవ్వడానికి ఆంటీకి చేతులు రాక, కొత్తగా వండి పెట్టారన్నమాట.

ప్రొఫెసర్ వాచీ చూసుకున్నారు. “డిప్పలు వాటికే ఉన్నాయిగా? తినండి.”

తిన్నాం. రెండో పీతకే ప్రొఫెసర్‌కి కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. అయినా సైన్స్ కోసమంటూ ఐదు లాగించారు. డిప్పల్ని ఏడుసార్లు కడిగి, సుత్తితో దంచి, పీపాలో తోడిన బావినీళ్ళలో వేశాం. నాలుగింటికి పరీక్ష కాగితం ముంచితే, డిప్పలు వేయకముందు ఎర్రబడ్డది ఈసారి ఆకుపచ్చకి తిరిగింది. పులుపు విరిగింది! నేను గంతులేశాను. ప్రొఫెసర్ ఇంకా ముక్కు తుడుచుకుంటున్నారు.

ఆరున్నరకి తిరుగు బస్సు. సీట్లో కూర్చోగానే ఆంటీకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

“అయ్యో రామా! నిజంగా డిప్పలకేనా?” అన్నారు. “ఎంగిలి అడిగావంటే, పాపం తిండికి కష్టమై, నోరు తెరిచి అడగలేక థీసిస్ అంటున్నావనుకున్నా బాబూ!”

పగలబడి నవ్వాను. ఆ మాటకొస్తే ఆంటీ పొరపాటు పడ్డారనీ అనలేను. సెమిస్టర్ మొదలైనప్పటి నుంచి బ్రెడ్డు ముక్కలతో నెట్టుకొస్తున్నాను. కడుపునిండా అన్నం తిన్నది ఆ తుప్పునీళ్ళ బావి పక్కనే.