బోఆచి చెక్కిన ఆఖరి బల్ల

సెలవు రోజు వచ్చిందంటే కుమాసీ నుంచి వ్యాన్లు దిగుతాయి. పట్నం జనం ఈత కొడతారు, నీడన పడి నిద్రపోతారు, ఆకలేస్తే చేపలు తింటారు. ఇన్నేళ్ళూ మా బొసోమ్‌త్వే సరస్సు ఒడ్డున, ఈ రేవులో, చేపలంటే అఫ్రకోమా వేయించినవే. ఆమె మూకుడు పెడితే ఆ వాసనకు నీళ్ళలో ఉన్నవాళ్ళు కూడా ఒడ్డెక్కేవారు.

ఇప్పుడూ ఎక్కుతున్నారు. ఎక్కి నేరుగా సేవా అనే ఆవిడ పాకలకు పోతున్నారు.

సేవా అఫ్రకోమాకు సవతి. మొగుడు బోఆచి పోయి చాలా కాలమైనా సవతితనం మాత్రం పోలేదు. సేవా నీడకు పాకలు వేసింది. బట్టలు మార్చుకోను తడికెల గది కట్టింది, ఒళ్ళు కడుక్కోను మంచినీళ్ళు పెట్టింది, చెట్టుకు ఉయ్యాల కట్టింది. అక్కడ ఒక్కొక్కటీ లేచినప్పుడల్లా ఇక్కడ మూకుట్లో ఒక వాయి మాడింది.

అన్నిటికన్నా అఫ్రకోమా కడుపు మండించింది సేవా గుమ్మం మీద వేలాడే బల్ల. మా రేవు వాళ్ళు చేపల వేటకు పడవ ఎక్కరు. దుంగను బల్లగా చెక్కి, దాని మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోతారు. బోఆచి చెక్కిన ఆఖరి బల్ల అది. పోయేముందు చిన్న పెళ్ళాం ఇంట్లో ఉన్నాడు, బల్ల అక్కడే ఉండిపోయింది. దాన్ని అడగడానికి అఫ్రకోమాకు నోరు రాలేదు. అడిగితే ఎక్కడ ఇచ్చేసి మంచిదనిపించుకుంటుందోనని ఇంకో బాధ.

ఈసారి పండక్కి సేవా కాళ్ళతో తొక్కే ఎర్ర ప్లాస్టిక్ పడవ తెచ్చింది. పిల్లలు వరస కట్టారు. అఫ్రకోమా మూకుడు దించి, రేవు పెద్ద అంపోఫో దగ్గరికి పోయింది.

"పెద్దాయనా, ఈ నీళ్ళకు ఇనుము తగలకూడదు. మిగతా రేవులు మరిచాయి సరే, మీరూ మరిచారా? దాని పడవ కడుపులో ఇనప గొలుసుంది."

"చూశావా?"

"చూడాలా? నడుస్తోందిగా."

అంపోఫో వచ్చాడు. సేవా తొణకలేదు.

"తాడూ కర్రా తప్ప ఏమీ లేదు పెద్దాయనా. అక్క కోపం పడవ మీద కాదు, నా మీద."

"నీ మీద కోపపడే తీరిక నాకెక్కడిదే? అవతల చేపలు మాడవూ?"

"ఎటూ మాడుతున్నాయిగా అక్కా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకు అఫ్రకోమా ఆగలేకపోయింది. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, "ఇదిగో, ఇక్కడ చూడండి, ఇక్కడ" అంటూ చేతిలో ఉన్నదాన్ని పడవ కిందికి పోనిచ్చి టకటకా కొట్టింది.

నవ్వులు ఆగిపోయాయి.

"అఫ్రకోమా, నీ చేతిలోది ఏమిటి?" అన్నాడు అంపోఫో.

ఆమె చూసుకుంది. ఇనప జల్లిగరిటె. దాని చిల్లుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

పడవ తిరగేశారు. తాడూ కర్రానే ఉన్నాయి. శాంతి జరిగేదాకా నీళ్ళలో ఎవరూ దిగకూడదని అంపోఫో రేవు మూయించాడు. పట్నం వాళ్ళు తువ్వాళ్ళు దులుపుకుని వ్యానెక్కారు. శాంతికి తెల్లకోడి కావాలి. అఫ్రకోమా కోళ్ళన్నీ మచ్చలవే. సేవా తన కోడిని తెచ్చి చేతిలో పెట్టింది. "మనసంటే సేవాదే" అన్నారు ఆడవాళ్ళు. అఫ్రకోమా ఆ కోడిని నిప్పుకణికలా పట్టుకుంది.

ఒడ్డున కోడిని కోశారు. ఈకలు తీసుకెళ్ళి నీళ్ళ నడుమ వదలాలి.

"తప్పు చేసిన మనిషే పోవాలి, బల్ల మీద పోవాలి," అన్నాడు అంపోఫో. "మిగతా బల్లలన్నీ వేటకు పోయాయి. సేవా, అది దించు."

ఆ రోజు మొదటిసారిగా సేవా ముఖం మాడింది. "పాతది పెద్దాయనా. పగులుతుందేమో."

"దించమన్నాను."

అఫ్రకోమా బోర్లా పడుకుంది. బోఆచి వేసిన బాడిసె గాట్లు ఒక్కొక్కటే రొమ్ముకు, పొట్టకు, తొడలకు తగిలాయి. సేవా సన్నటి మనిషి. ఈ బల్ల మీద ఇంకొకరికి చోటు మిగిలేది. అఫ్రకోమాకు మాత్రం కొలత తీసి చెక్కినట్టు అటూ ఇటూ సరిగ్గా సరిపోయింది. ఈకలు వదిలింది. చెయ్యాల్సింది అయిపోయింది.

"అక్కా, అయిందిగా. ఇక బల్ల తెచ్చెయ్," అని సేవా ఒడ్డు మీంచి పిలిచింది. నీళ్ళ మీద ఆ గొంతు పక్కనే ఉన్నంత స్పష్టంగా వినబడింది.

అఫ్రకోమా చెంప చెక్కకు ఆనించి, రెండు చేతులూ నీళ్ళలో ముంచి, ఇంకా లోపలికి తోసుకుంది.

"ఏమిటీ? వినబడటం లేదు," అంది, తనకు మాత్రమే వినబడేలా.