అక్క ఎప్పుడు పుట్టింది?

మా వదిన మంచిది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేదంతా ఆవిడ ఎవరి మీద ఎలా విరుచుకుపడిందన్నదే. నేను మాత్రం తక్కువ తిన్నానా అంటే, లేదు. అన్నయ్యని పెళ్లి చేసుకుని ఇంటికొచ్చిన కొత్తలో ఆవిడా నేనూ ఒకరితో ఒకరం ఎంతో మర్యాదగా మసిలేవాళ్లం. ఇద్దరం ఒకే డబ్బింగ్ స్టూడియోలో పనికి కుదిరాక ఆ మర్యాద గాలికి పోయింది. ఆవిడ పరభాషా సీరియళ్లకి తెలుగు మాటలు రాస్తుంది. నేను అద్దానికి ఇవతల కూర్చుని గొంతులు రికార్డు చేస్తాను.

మా ఇద్దరి ప్రాణాలూ తోడేసిన సీరియల్ ఒకటుంది. అంతరిక్షంలో తిరిగే ఓ పెద్ద ఓడ, దాన్ని నడిపే లేడీ కెప్టెన్, ఓడ ఇంజన్లు చూసుకునే ఆవిడ తోడబుట్టినవాడు. కథ చెప్పమంటే ఇంతే. కానీ ఆ తీసినవాళ్లకి ఒళ్లు దగ్గర పెట్టుకుని తీయడం ఏనాడూ చేతకాలేదు. ఓ వారం ఆ గ్రహానికి రెండు చందమామలుంటాయి, పై వారానికి మూడవుతాయి. డాక్టరుకి ఎడమ చెయ్యి తెగిపోతే ఇనప చెయ్యి తగిలిస్తారు, తర్వాతి ఎపిసోడ్‌లో ఆ ఇనప చెయ్యి కుడివైపుంటుంది. ఓడలో గాలి అయిపోతోందని గుండెలు బాదుకుంటూనే ఒకడు తీరిగ్గా సిగరెట్టు వెలిగిస్తాడు. తప్పులు వాళ్లవి, తిట్లు మాకు. చూసేవాళ్లకి వినపడేది మా మాటే కాబట్టి, తలా తోకా లేని డబ్బింగ్ అని మమ్మల్నే ఆడిపోసుకునేవాళ్లు.

ఇలాంటి చిల్లులు పూడ్చడానికి వదినకి ఒక ఉపాయం ఉండేది. తెర మీద ఎవరైనా అటు తిరిగి మాట్లాడితే నోరు కనపడదు. నోరు కనపడనప్పుడు మనం ఏం మాట పెట్టినా చెల్లుతుంది. మూడో చందమామ కనిపించిన ఎపిసోడ్‌లో ఓ సిపాయి వీపు దొరికితే, వాడి చేత "మూడోది దుమ్ము వెనకాల ఉండిపోయింది, ఇన్నాళ్లకి బయటపడింది" అనిపించింది. డాక్టరు చెయ్యికి మాత్రం ఎక్కడా వీపు దొరకలేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం గిన్నె మూత కూడా తీయకుండా, ఎడమా కుడీ తెలియని వెధవలకి కెమెరాలు ఎవడిచ్చాడని స్టూడియో అంతా దులిపేసింది. ఆవిడకి కోపమొస్తే మా స్టూడియోలో పెద్ద గొంతువాళ్లు కూడా బాత్రూంలో దాక్కుంటారు.

ఇక అసలు సంగతి. ఆ సీరియల్ తీసిన భాషలో తోడబుట్టిన ఆడదానికి ఒకటే మాట, మగవాడికి ఒకటే మాట. ముందు పుట్టారా వెనక పుట్టారా అన్న గొడవ వాళ్లకి లేదు. మనకలా కుదరదు. అన్నో తమ్ముడో, అక్కో చెల్లో తేలకపోతే మనం నోరే తెరవలేం. అందుకని వదిన మొదటి ఎపిసోడ్లన్నీ ముందు వెనక్కి తిప్పి తిప్పి చూసింది. ఒకచోట కెప్టెన్ తన చిన్నతనం చెప్పుకొస్తూ, బళ్లో లెక్కలు చేస్తుంటే వాడు పుట్టాడని ఇంటి నుంచి కబురొచ్చిందనీ, పరిగెత్తుకెళ్లి వాణ్ణి ఒళ్లో పెట్టుకున్నాననీ అంటుంది. సరే, వాడు తమ్ముడు, ఈవిడ అక్క. అందులో ఊహించిందేం లేదు, వాళ్లు చెప్పిందే.

కానీ ఆ తర్వాత చేసింది మాత్రం వదిన సొంతం. అసలు సీరియల్లో వాడు ఆవిణ్ణి పిలిచేదే తక్కువ, పిలిచినా కెప్టెన్ అంటాడు. భయమేసినప్పుడు మాత్రం కెప్టెన్ మరిచిపోయి "అక్కా" అనేలా వదిన రాసింది. ఆ గొంతిచ్చింది, బొంగురు గొంతని మేమంతా బొంగురాయన అని పిలిచే ఆయన. బయట ఆయన మాట పక్కనున్నవాడికి కూడా వినపడదు, కూరగాయల కొట్లో బేరమాడటానికి కూడా పెళ్లాన్నే ముందుకి తోస్తాడు. మైకు ముందు మాత్రం ఆ "అక్కా"ని చివర కాస్త సాగదీసి, మధ్యలో గొంతు జీరపోయేలా అనేవాడు. అది జనానికి పట్టేసింది. బస్సు ఎక్కలేక కింద ఉండిపోయిన కుర్రాళ్లు లోపలున్న స్నేహితుల్ని అదే సాగదీతతో "అక్కా" అని పిలిచి నవ్వుకునేవాళ్లు. మా అమ్మకైతే అది ప్రాణం. అమ్మకి చూపు బాగా మందగించింది, టీవీకి ఎదురుగా కూర్చుంటుందిగానీ బొమ్మ చూడదు, బట్టలు మడతపెడుతూ వింటుంది. ఆ మాటలన్నీ మా కోడలు రాసినవేనని పక్కింటావిడకి రోజూ వినిపిస్తుంది.

ఓసారి ఇంటికి నడిచొస్తూ వదిన నాతో అంది. "చందమామలు వాళ్లవి, ఓడ వాళ్లది, తప్పులు వాళ్లవి. ఇందులో నాదంటూ ఉన్నది ఆ ఒక్క అక్కే." ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

నాలుగో ఏడు కొంప మునిగింది. కొత్తగా వచ్చిన ఎపిసోడ్‌లో చిన్ననాటి సంగతి ఒకటి చూపించారు. ఐదారేళ్ల కుర్రాడు, వాడి కనుబొమ్మ మీద ఇంజనీరుకున్న గాటే ఉంది. వాడి చేతుల్లో అప్పుడే పుట్టిన ఆడపిల్ల, ఆ పిల్ల చెంప మీద కెప్టెన్ పుట్టుమచ్చ. మాటల్లేవు, ఒట్టి సంగీతం. వదిన కుర్చీ ముందుకి లాక్కుని మళ్లీ వెయ్యమంది. మళ్లీ వేశాను. ఇంకోసారి వెయ్యమంది. అప్పటికి నాకూ బుర్ర తిరిగిపోయింది. నాలుగేళ్లుగా వాడు అక్కా అక్కా అంటున్నది వాడి చెల్లెల్ని.

చానల్ తరఫున మా పని చూసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఏం చెప్పినా "చిన్న సవరణ" అని మొదలుపెడతాడు కాబట్టి మాకు ఆయన పేరే చిన్న సవరణ. వదిన ఆయన వెంటపడి, మొదటి ఏడు ఒకటి చెప్పి ఇప్పుడింకోటి చూపిస్తే ఎలా, ఎవరు ముందు పుట్టారో తీసినవాళ్లనే అడగండని నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన అడిగాడు, పాపం. వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన జవాబేమిటంటే, తేడా ఉన్నట్టు తాము గమనించలేదనీ, వాళ్ల దేశంలో ఎవరూ అడగలేదనీ, ఎవరు ముందు పుడితే మాత్రం ఏమిటనీ. ఎవరు ముందు పుడితే ఏమిటట! వాళ్ల భాషలో ఆ తప్పు కనపడకుండా పడుకుని ఉంది, మన భాషలోకి రాగానే లేచి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఎపిసోడ్ టీవీలో వచ్చాక చానల్‌కి ఫిర్యాదులు మొదలయ్యాయి. మాటలు రాసినావిడకి అక్కకీ చెల్లికీ తేడా తెలియదా, ఇంట్లో తోబుట్టువులు లేరా అని ఎవరో అడిగారు. చిన్న సవరణ దాన్ని పనిగట్టుకుని వదినకి చదివి వినిపించాడు. ఆవిడ ఆ రోజు రాయాల్సిన కాయితాలు ముందుకి లాక్కుంది. తిట్టి ఉంటే నాకు ఇంత బాధుండేది కాదు.

ఆ తర్వాతి ఎపిసోడ్లు వదిన ఎలా రాసిందో నాకు తెలుసు, పక్కనే ఉన్నాను. అక్కా అనిపించడానికి లేదు, చానల్ ఒప్పుకోదు. చెల్లీ అనిపించడానికి ఆవిడకి మనసొప్పదు. అందుకని ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకోకుండానే నడిపించింది. ఇదిగో, వినపడిందా, నిన్నే, ఇటు చూడు. పాతకాలపు మొగుడూ పెళ్లాల్లా. ఓ రోజు అమ్మ దుప్పటి మడతపెడుతూ, వీళ్లిద్దరూ ఏమైనా అలిగారా అని అడిగింది. వదిన నవ్వబోయి నవ్వలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

అలాగే ఆఖరి ఎపిసోడ్ దాకా లాక్కొచ్చేదేమోగానీ, అందులో వాడు చచ్చిపోతాడు. ఇంజన్ గది తగలబడుతుంది, కెప్టెన్ వాణ్ణి బయటికి లాగి ఒళ్లో పడుకోబెట్టుకుంటుంది. వాడి మొహం తెరనిండా ఉంటుంది. నోరు తెరిచి ఒక్క మాట అంటాడు, వాళ్ల భాషలో ఆ పెద్దా చిన్నా లేని మాట, అని కన్నుమూస్తాడు. వీపు లేదు, చాటు లేదు, తప్పించుకునే దారి లేదు. వదిన నాలుగేళ్లుగా ఎదురుచూసింది ఆ మాట కోసమే. వాడు పోయేటప్పుడు అక్కా అనే పోవాలి. మిగతాదంతా ఎవరెలా తగలేసినా ఫర్వాలేదు, ఆ ఒక్కటీ దక్కితే చాలంది.

రికార్డింగ్‌కి చిన్న సవరణ స్వయంగా వచ్చి నా వెనక కూర్చున్నాడు. కాయితం మీద వదిన అక్కా అనే రాసిచ్చింది. బొంగురాయన మైకు ముందు నిలబడి, తెర మీద నోరు తెరుచుకోగానే అన్నాడు. ఆ గొంతు ఎక్కడ విరగాలో అక్కడ విరిగింది. నా చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది. చిన్న సవరణ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని, చాలా బాగుందమ్మా, చిన్న సవరణ, చెల్లీ అనిపించండి అన్నాడు.

వదిన ముందు మామూలుగానే చెప్పింది. నాలుగేళ్లుగా విన్న చెవులు ఒప్పుకోవంది. తెర మీద నోరు చివర్లో బార్లా తెరుచుకుంది, చెల్లీ అంటే పెదాలు సాగాలి, అతకదంది. ఆయన, పోనీ పేరు పెట్టి పిలిపిద్దామన్నాడు. ఆ పేరు పలకాలంటే పెదాలు రెండుసార్లు మూతపడాలి, తెర మీద ఒక్కసారీ కలవవు. అయితే పెద్దా చిన్నా లేకుండా "తోబుట్టువా" అనిపించండన్నాడు.

"ప్రాణం పోతున్నవాడు తోబుట్టువా అంటాడా? మీ ఇంట్లో ఎవరైనా అన్నారా?" అని వదిన లేచి నిలబడింది. అక్కణ్ణుంచి ఆవిడ గొంతు ఆపడం ఎవరి తరమూ కాలేదు. చందమామల దగ్గర్నుంచి ఎత్తుకుంది. చెయ్యి మారినప్పుడు అడగలేదు, గాలి లేనిచోట సిగరెట్టు కాలినప్పుడు అడగలేదు, ఆ అతుకులన్నీ నేనేసుకుంటూ వస్తే నాది అన్న ఒక్కదాని దగ్గరే మీకు సవరణ గుర్తొచ్చిందా అని అడిగింది. ఆయన చెడ్డవాడేం కాదు. పైనుంచి చెప్పారమ్మా, ఫిర్యాదులొస్తే నా నెత్తి మీదకొస్తుంది అని నేల చూశాడు.

అద్దం అవతల బొంగురాయన ఇదంతా వింటూనే ఉన్నాడు. ఎన్నడూ నోరెత్తని మనిషి, "నాకు రావట్లేదండీ ఆ మాట," అన్నాడు. అయినా అనిపించారు. మూడుసార్లు తప్పిపోయి నాలుగోసారికి ఎలాగో అన్నాడు. తెర మీది పెదాలకి అతకలేదు, గొంతులో పస లేదు, సరిపోతుందిలెమ్మన్నాడు చిన్న సవరణ.

ఈ ఎపిసోడ్‌కి నా పేరు తీసెయ్యండి అంది వదిన. పేర్లు ఒక్కసారే ఎక్కిస్తామమ్మా, ఎపిసోడ్‌కోసారి మార్చడం కుదరదు అన్నాడాయన.

"అంటే మీ సీరియల్లో మారనిది అదొక్కటేనన్నమాట," అని వదిన సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

మొదటిసారి అన్నది నేను చెరపలేదు. ఆ సాయంత్రం వదినతో చెప్పాను, అక్కా అన్నదే చానల్‌కి పంపేస్తాను, వాళ్లెవరూ వినే రకం కాదు, టీవీలో వచ్చాక ఏం పీకుతారో చూద్దామని. వదిన ఒక్కటే అడిగింది, నీ ఉద్యోగం పోతే మీ అన్నయ్య నన్ను అడగడా అని. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. మర్నాడు పళ్లు కొరుక్కుంటూ చెల్లినే పంపాను.

ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం అమ్మ టీవీ ముందు కూర్చుంది, మడతపెట్టాల్సిన బట్టలు ఒళ్లో అలాగే ఉన్నాయి. వదిన వంటింట్లో అక్కర్లేని గిన్నెలు కూడా కడుగుతోంది. ఇంజన్ గది తగలబడింది, కెప్టెన్ ఏడ్చింది, బొంగురాయన చెల్లీ అన్నాడు. నేను అమ్మ మొహంకేసి చూడలేక కిటికీలోంచి బయటికి చూశాను.

అమ్మ కాసేపటికి "అమ్మాయ్, ఇటు రా," అని పిలిచింది. వదిన తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వాడు చెల్లీ అన్నాడేంటే?"

నాకు మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా అమ్మే కొంగుతో కళ్లొత్తుకుంటూ, "అయ్యో, గుర్తుపట్టలేదా? అక్క ఒళ్లో పడుకుని అక్కనే గుర్తుపట్టలేకపోయాడా పాపం," అంది.

వదిన తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. వచ్చి పక్కన కూర్చుంది.

"అవునత్తయ్యా. నొప్పిలో గుర్తుపట్టలేదు."

"అలాగని నువ్వే రాశావా?"

కాదని చెబుతుందనుకున్నాను. చానల్‌నీ, చిన్న సవరణనీ, ఆ తీసినవాళ్లనీ ఏడు తరాలు తిడుతుందనుకున్నాను.

"నేనే రాశాను," అంది.

అమ్మకి కోపమొచ్చింది. కోడలి మీద అమ్మకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "ఎంత రాతిగుండే నీది. నాలుగేళ్లు అక్కా అక్కా అని తిరిగినవాడు. పోయేముందు ఒక్కసారి అక్కా అనిపిస్తే నీ సొమ్మేం పోయేదే?"

నేను ఇక ఉండబట్టలేక లేచాను. వదిన నా చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల ఊపింది.

"నిజమే అత్తయ్యా," అంది. "అనిపించాల్సింది."