వదిన తీసేస్తానన్న పూలు

మా వదిన పూలు తీసేస్తానంది. వద్దన్నది నేను. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో అందరూ ఈ మాటని తిరగేసి చెప్పుకుంటున్నారు. వాళ్ళకి అలా చెప్పింది నేనే కాబట్టి, దాన్ని సరిచేయాల్సినవాణ్ణి కూడా నేనే.

ముందు ఆవిడ గురించి చెప్పాలి. మా ముత్తాతలు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి సింగపూర్ వచ్చారు. అన్నయ్యా నేనూ ఇక్కడే పుట్టాం. మా ఇంటి తెలుగులో సగం అరవం, పావు మలాయి, మిగిలింది ఇంగ్లీషు. "మకాన్ అయిందా?" అనే మా అమ్మ వచ్చినవాళ్ళని పలకరించేది, భోజనం అయిందా అనడానికి. వదిన కాకినాడ దగ్గర నుంచి పెళ్ళయి ఆ ఇంట్లోకి వచ్చింది. వయసులో నాకంటే చిన్నది, వరసకి పెద్దది. నా తెలుగు విని మొదట్లో చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. తర్వాత జాలిపడి, హౌగాంగ్‌లోని అన్నయ్య ఫ్లాట్‌లో భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, సైన్స్ పార్క్‌లో ఉద్యోగం చేస్తున్న మగాడి చేత 'అ ఆ'లు దిద్దించింది. ఈ నాలుగు మాటలు ఇలా రాయగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్ష. ఆ చదువుతో ఆవిడకి వ్యతిరేకంగా నేను చెప్పిన అబద్ధం గురించి రాయాల్సి వచ్చింది.

నేను పెళ్ళి చేసుకోలేదు. బిషాన్‌లో ఒక్కణ్ణే ఉంటాను. అప్పట్లో నాకు సంసారం లాంటిది ఏదైనా ఉందంటే అది నా మోటార్‌సైకిల్. దాని మీద గర్వం ఉండేది. అంతకంటే ఎక్కువ గర్వం నా జాగ్రత్త మీద. లైసెన్స్ శిక్షణలో మాకు నేర్పిన పెద్దాయన ఒక చైనీస్ అంకుల్. బండి ఎలా తోలాలన్నదానికంటే ఒకే విషయం ఎక్కువసార్లు చెప్పేవాడు. వెనక మనిషిని ఎక్కించుకుంటే, కదిలే ముందు వెనక్కి తిరిగి వాళ్ళ హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్ళు పెట్టి చూడు. రెండు వేళ్ళు బిగుతుగా పట్టాలి, మూడోది పట్టకూడదు. అది నీ పని, వాళ్ళ పని కాదు. ఈ మాట నాకు బాగా పట్టేసింది. ఎవర్ని ఎక్కించుకున్నా మెడ కింద వేళ్ళు పెట్టేవాణ్ణి. "జాకెట్టు కుట్టిస్తున్నావా, కొలత తీసుకుంటున్నావు?" అని ఆఫీసులో తెలుగువాళ్ళు ఏడిపించేవారు.

ఆ రోజు దూరపు చుట్టాలమ్మాయికి సీమంతం. అన్నయ్య ఇంటికి నాలుగు వీధుల అవతల, వాళ్ళ బ్లాకు కింద ఉండే ఖాళీ చోటులో పందిరి వేసి చేస్తున్నారు. గాజులు తెచ్చే పని వదినది. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. పొద్దున్నుంచి చినుకులు. టాక్సీ దొరకలేదు. అమ్మ ముందే వెళ్ళిపోయి, అక్కడి నుంచి ఫోన్ మీద ఫోన్. "అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టేశారు, గాజులేవి, గాజులేవి" అని. నేను అప్పుడే బండి మీద వచ్చాను.

ఇక్కడ వెనక కూర్చునే మనిషి ఒక పక్కకి తిరిగి కూర్చుంటే నేరం. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందుకని చీర అక్కడికెళ్ళి కట్టుకుంటానని సంచిలో పెట్టుకుని, చుడీదార్‌లో వచ్చింది. కానీ జడ మాత్రం ఇంట్లోనే అయిపోయింది. అద్దం ముందు చాలాసేపు కూర్చుని వేసుకున్న జడ, దాని మీద దండగా చుట్టిన మల్లెపూలు. కార్‌పార్క్‌లో హెల్మెట్ పెట్టుకుంటే అది ఆ పూల మీద ఆగిపోయింది. పట్టీ గడ్డం కిందికి అందలేదు.

"బాబూ, ఒక్క నిమిషం ఆగు. పూలు తీసి సంచిలో వేసుకుంటాను" అంది.

"వద్దు వదినా, మళ్ళీ ఎప్పుడు పెట్టుకుంటావు? ఇక్కడే కదా."

"పట్టీ పడట్లేదయ్యా."

"ఒక చేత్తో పట్టుకో. పెద్ద రోడ్డు ఎక్కను, లోపలి దారిలో పోదాం. పోలీసులు అటు రారు."

నా మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. హెల్మెట్ ఎందుకో నాకు తెలుసు. అయినా ఆ నిమిషంలో నేను ఆలోచించింది పోలీసుల గురించే. ఆవిడ ఒక చేత్తో నెత్తి మీద హెల్మెట్ పట్టుకుంది, రెండో చేత్తో ఒళ్ళో గాజుల సంచి పట్టుకుంది. నన్ను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. నేను వెనక్కి తిరగలేదు. వేళ్ళు పెట్టి చూడలేదు.

పక్క బ్లాకు కార్‌పార్క్ నుంచి ఒక వ్యాన్ మూతి బయటపెట్టింది. తప్పు వ్యాన్‌ది కాదు, అది ఆగింది. నేనే గట్టిగా బ్రేకు నొక్కాను. రోడ్డు మీద పసుపు గీతలు తడిసి ఉన్నాయి. చక్రం జారింది. పెద్ద వేగమేమీ కాదు. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. హెల్మెట్ దొర్లుకుంటూ పోయి కాలవ జాలీ దగ్గర ఆగింది. వదిన తల ఫుట్‌పాత్ అంచుకి తగిలింది. లేచి కూర్చుంది కూడా. "గాజులు పగిలాయేమో చూడు" అంది. తర్వాత వాంతి చేసుకుని, నా చేతుల్లో వాలిపోయింది.

ఆస్పత్రి వరండాలో పోలీసాయన మర్యాదగానే అడిగాడు. ఆమె హెల్మెట్ పట్టీ పెట్టుకుందా? లేదన్నాను. ఎందుకు పెట్టుకోలేదు? నేను చెప్పాను, ఆమె వినలేదు, పూలు నలిగిపోతాయంది అన్నాను. ఆలోచించి అల్లిన అబద్ధం కాదది. నోటికి వచ్చేసింది. వచ్చాక అక్కడే ఆపి, కాదండీ అని ఉండొచ్చు. లైసెన్స్ పోతుందన్న భయం, అన్నయ్య మొహం చూడాలన్న భయం, రెండూ కలిసి నా నోరు నొక్కేశాయి. కాసేపటికి అన్నయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయనకీ అదే చెప్పాను. రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది.

అసలు పాపం ఆ తర్వాత చేశాను. వదినకి తెలివి వచ్చాక, జడ వేసుకోవడం వరకే గుర్తుంది. ఆ తర్వాత ఆస్పత్రి సీలింగ్. మధ్యలో ఏమీ లేదు. "ఏం జరిగింది బాబూ?" అని నన్నే అడిగింది. కార్‌పార్క్‌లో మా మాటలు నేను తప్ప విన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ కళ్ళలోకి చూసి, "నువ్వు పూలు తీయనన్నావు వదినా" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అన్నానేమోలే" అంది.

ఇక్కడి చట్టం ప్రకారం నా ఇన్సూరెన్స్ వెనక కూర్చున్న మనిషికి కూడా వర్తిస్తుంది. కంపెనీ వాళ్ళు వచ్చి మాట్లాడారు. నేను అదే మాట చెప్పాను. గాయపడిన మనిషి అజాగ్రత్త కూడా ఉంది కనక అని పరిహారంలో కోత పెట్టారు. అన్నయ్య వాదించలేదు. "మనదీ తప్పుందిగా" అని వదిన చేత సంతకం పెట్టించాడు. అప్పుడు నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నాను.

ఆవిడ కోలుకుంది. నడిచింది, వండింది, నవ్వింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. తలకి దెబ్బ తగిలినప్పుడు ముక్కు నుంచి మెదడుకి పోయే నరాలు తెగిపోతాయనీ, కొందరికి అవి మళ్ళీ అతకవనీ డాక్టర్ చెప్పింది. పోపు మాడుతోందని వీధి గుమ్మంలోంచి కనిపెట్టే మనిషికి పాలు విరిగినా తెలియదు. ఒకసారి గ్యాస్ వదిలేసి ఉంటే పక్కింటి మలాయి ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. ఏది తిన్నా అట్టముక్క నమిలినట్టుందనేది. పూలు పెట్టుకోవడం మానేసింది.

"పూల పిచ్చి ప్రాణం మీదకి తెచ్చింది" అని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పింది. తిట్టి కాదు, బాధపడే. కానీ అదే చెప్పింది, అదే నమ్మి పోయింది. అమ్మకి నేనిక ఏమీ చెప్పలేను.

బండి కొన్నాళ్ళు పక్కన పెట్టాను. తర్వాత మళ్ళీ ఎక్కాను. ఆదివారాలు అన్నయ్య ఇంటికి భోజనానికి వెళ్ళడం మాత్రం ఎప్పుడూ మానలేదు. వంటింట్లోంచి వదిన పిలిచేది. "బాబూ, ఇలా రా, ఇంగువ సరిపోయిందా చూడు." "ఈ పెరుగు పులిసిందా?" నేను వెళ్ళి వాసన చూసి చెప్పేవాణ్ణి. ఇలా ఆవిడకి ముక్కుగా పనికొస్తున్నాను కదా, అదే నా ప్రాయశ్చిత్తం అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. చాలా సౌకర్యమైన ప్రాయశ్చిత్తం. పైగా భోజనం కూడా పెట్టేవారు.

మొన్నొక ఆదివారం అన్నయ్య కూతురు కొత్త హెల్మెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఉద్యోగంలో చేరింది, బండి లైసెన్స్ కూడా వచ్చింది.

"అన్నం తినే చోట పెట్టకు" అంది వదిన.

"క్లీన్ లాహ్ అమ్మా. బ్రాండ్ న్యూ" అంది, ఇక్కడివాళ్ళ ఊతపదంతో.

"కొత్తదైతే మాత్రం. పట్టీ పెట్టుకోకుండా బండి ఎక్కావో, తాళం చెవి లాగేసుకుంటాను. కింద షాపుకెళ్ళినా సరే."

"చూడండి, ఎవరు చెప్తున్నారో. పూలు నలిగిపోతాయని పట్టీ పెట్టుకోనిది ఎవరు? బాబాయ్ చెప్పినా వినలేదు కదా నువ్వు."

అన్నయ్య నవ్వాడు. "మీ అమ్మకి అప్పట్లో పూలు ముందు, తలకాయ తర్వాత."

వదిన కూడా నవ్వింది. "అందుకే చెప్తున్నాను. నాలా బుద్ధి తక్కువ పని చెయ్యకే" అంది.

ఆ మాట ఆవిడ ఊరికే అనలేదు. నమ్మి అంది. ఆవిడ తన గురించి తనే అలా అనుకుంటూ ఇంతకాలం బతికింది. పిల్ల హెల్మెట్ తలకి పెట్టుకుని, పట్టీ బిగించి, గడ్డం ఎత్తి నా ముందు నిలబడింది.

"బాబాయ్, చెక్ చెయ్. నువ్వే కదా ఎక్స్‌పర్ట్."

రెండు వేళ్ళు పెట్టాను. మూడోది పట్టలేదు. "ఓకేనా?" అంది. ఓకే అన్నాను.

"బాబూ, ఒకసారి ఇలా రా. పోపు చూసి పెట్టు" అని వంటింట్లోంచి వదిన పిలిచింది.

వెళ్ళాను. మాడలేదని చెప్పాను. గరిటె తిప్పుతూ, "సరే, ఇక కూర్చోండి, వడ్డిస్తాను" అంది. నేను కదల్లేదు.

"వదినా, ఆ రోజు నువ్వు పూలు తీసేస్తానన్నావు."

"ఏ రోజు?"

"సీమంతం రోజు. తీసేస్తాను ఆగమన్నావు. నేనే వద్దన్నాను. హెల్మెట్ చేత్తో పట్టుకోమన్నాను. పోలీసులు రారన్నాను. తర్వాత అందరికీ నువ్వే వినలేదని చెప్పాను. నీకు కూడా."

ఆవిడ పొయ్యి కట్టేసింది. గరిటె సింక్‌లో పెట్టి, కుళాయి తిప్పి, చేతులు కడుక్కుంది.

"నేను తీస్తానన్నానా?"

"అన్నావు."

"నిజంగా?"

"నిజంగా. పట్టీ పడట్లేదయ్యా అన్నావు."

ఆవిడ నావైపు తిరగలేదు. "ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకుందామని చూశానో తెలుసా? పాప చిన్నది. దాన్ని ఇంట్లో పెట్టుకుని పూల కోసం అంత పని ఎలా చేశానా అని. నాకు నేనే అర్థమయ్యేదాన్ని కాదు" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

లాయర్ దగ్గరికి వెళ్తాను, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఇంకా ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్నీ రేపు చూసుకో. ముందు బయటికి వెళ్ళి వాళ్ళిద్దరికీ చెప్పు. నేను చెప్తే నన్ను నేనే వెనకేసుకొస్తున్నానంటారు."

బయటికి వచ్చాను. వెనకే ఆవిడ కూడా వచ్చి, తడి చేతులతో గుమ్మంలో నిలబడింది. పిల్ల ఇంకా హెల్మెట్‌తోనే సెల్‌లో ఫోటో తీసుకుంటోంది. అన్నయ్య కంచాలు సర్దుతున్నాడు. నేను కూర్చోలేదు. కార్‌పార్క్‌లో ఆవిడ అన్నదీ, నేను అన్నదీ, ఆస్పత్రి వరండాలో నేను చెప్పిందీ, వరసగా చెప్పాను. తెలుగులోనే చెప్పాను, పిల్లకి అర్థం కాదేమోనని సగం మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాను. అన్నయ్య చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. పిల్ల మెల్లిగా పట్టీ ఊడదీసి, హెల్మెట్ తీసి, "అమ్మా" అంది.

అప్పుడు వదిన వైపు తిరిగాను.

"నీ తప్పు లేదు వదినా. ఆ రోజు నీకు బుద్ధి ఉంది, నాకే లేదు. నిన్ను పడేసింది నేను. పడ్డాక నీ మీదకి నెట్టింది కూడా నేనే. నన్ను క్షమించు."