లబ్ధిదారు దేవదానం

2024 జూన్, రెండో ఆదివారం. ఉదయం పది గంటలు. చిత్తూరులో ఐరాల బస్సులు పోయే రోడ్డులో మేడమీది చిన్న హాలు.

హాజరైనవారు: వేదిక మీద కోచ్ భారతి, ముఖ్య అతిథిగా రిటైరైన ప్రిన్సిపాల్ గారు, గౌరవ అతిథిగా బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే పెద్దమనిషి. వేదిక కింద అరవై కుర్చీల్లో నలభై ఒక్క మంది. మైకు దగ్గర బాషా. తెర పక్కన సగం కనబడుతూ షామియానా దేవదానం. చేతిలో కాగితంతో, వేదికకూ తలుపుకూ మధ్య తిరుగుతూ నేను.

నేను ఒక ప్రభుత్వ ప్రచార విభాగంలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. సభలు ఏర్పాటు చేయడమే నా ఉద్యోగం. రిటైరై తొమ్మిదేళ్ళయినా ఊళ్ళో ఎవరు ఏ సభ పెట్టుకున్నా నాకే కబురు వస్తుంది. నా డైరీల్లో సభకు ముందురోజు పేజీ తిప్పితే, గత పాతికేళ్ళలో ఏ ఏడాదైనా సరే, ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘దేవదానానికి చెప్పాలి.’ షామియానా, కుర్చీలు, వేదిక, తెర అన్నీ అతనివే. చెబితే చాలు, వచ్చేవాడు.

భారతి చనిపోయిన నా మిత్రుడి కూతురు. బెంగళూరులో పెద్ద కంపెనీలో పదకొండేళ్ళు పనిచేసి, ప్రొఫెషనల్ కోచింగ్‌లో శిక్షణ పొంది, ఉద్యోగం వదిలి చిత్తూరులో గది తీసుకుంది. ఆ పని ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

“ఎదుటి మనిషి తన పనిలో యాడ చిక్కుకున్నాడో అడుగుతాను పెదనాయనా. సలహా ఇవ్వను. అడుగుతా పోతే దారి వాళ్ళకే కనబడుతుంది.”

“సలహా ఇవ్వకపోతే నీ దగ్గరికెందుకొస్తారమ్మా? ఈ ఊళ్ళో సలహా ఊరికే దొరుకుతుంది.”

“అందుకే వస్తారు,” అంది.

కానీ నాలుగు నెలలైనా ఎవరూ తమంతట తాము రాలేదు. వచ్చినవాళ్ళను ఎవరో ఒకరు తీసుకొచ్చారు. ఒకావిడ భర్తను తీసుకొచ్చి, ఆయన మాట్లాడకుండా తనే గంటసేపు మాట్లాడి, కాఫీ తాగి వెళ్ళింది. ఇంతలో పాత కంపెనీ మళ్ళీ పిలిచింది. సోమవారం పది గంటలలోపు జవాబివ్వాలి. “ఎవరూ తోడు లేకుండా తనంతట తాను వచ్చే మనిషి ఒక్కరుంటే చాలు, ఇక్కడే ఉంటాను. లేదంటే బెంగళూరికే,” అని ఆదివారం సభ పెట్టుకుంది. ఏర్పాట్లు నా చేతిలో పెట్టింది.

మా వృత్తిలో ‘మినిట్ టు మినిట్’ అనే కాగితం ఒకటుంది. ఏ నిమిషంలో ఎవరు లేస్తారు, ఎవరు కూర్చుంటారు అన్నదంతా అందులో ఉంటుంది. దాన్ని సిద్ధం చేశాను. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం, గౌరవ అతిథి ప్రసంగం. తర్వాత డెమో, అంటే సభికుల్లో ఒకరు వేదికెక్కి తమ సమస్య చెబితే భారతి అందరి ముందూ కోచింగ్ చేసి చూపడం. దానికి పన్నెండు నిమిషాలు.

“సభ పెట్టుకున్నదే దానికి పెదనాయనా!”

“అందుకే పన్నెండు ఇచ్చినానమ్మా. మామూలుగా అయితే ఎనిమిదే.”

డెమోకు ఎవరో ఒకరు తామే లేచి రావాలని భారతి పట్టుపట్టింది. ఎవరూ లేవరని నాకు తెలుసు. మా సభల్లో లబ్ధిదారు అని ఒకరుంటారు. పథకం వల్ల తనకు కలిగిన మేలు గురించి రెండు నిమిషాలు మాట్లాడే మనిషి. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక లబ్ధిదారు మైకు పుచ్చుకుని, తనకేమీ అందలేదని పై అధికారి ముందరే చెప్పేశాడు. ఆ రోజు నుంచి ఏ లబ్ధిదారునూ దేవుడి మీద భారం వేసి వదల్లేదు. మాటలు కాగితం మీద రాసిచ్చి, మూడుసార్లు చదివించేవాణ్ణి.

శనివారం సాయంత్రం తెర కడుతున్న దేవదానాన్ని కిందికి పిలిచాను.

“రేపు నువ్వే లబ్ధిదారువి.”

“నాకేం లబ్ధి వచ్చింది సార్?”

“రేపొస్తుంది. ఇది చదువు.”

“రేపు నేను…” అని ఆగి, “సరే సార్,” అన్నాడు. మూడుసార్లు చదివాడు. ఈ ఏర్పాటు భారతికి చెప్పలేదు.

ఆదివారం సభ నా కాగితం ప్రకారం నడిచింది తొమ్మిది నిమిషాలే. ఫ్యాను గాలికి దీపం నాలుగుసార్లు ఆరింది. ఫ్యాను ఆపితే అతిథులకు చెమటలు. చివరికి శాలువా అడ్డం పట్టి వెలిగించాం, దాని అంచు కొంచెం కమిలింది. ఆ శాలువానే ప్రిన్సిపాల్ గారికి కప్పాం. ఆయన పది నిమిషాల ప్రసంగం ముప్పై అయిదు నిమిషాలు సాగింది. మొత్తం సలహాలే. గౌరవ అతిథికి మధ్యలో ఫోనొచ్చింది. “గేటు ముందర తోతాపురి కాయల ట్రాక్టర్లు నిలిచిపోయినాయంట,” అని శాలువాతోనే మెట్లు దిగిపోయాడు. సీజను కదా, ఎవరూ తప్పు పట్టలేదు.

డెమో వచ్చింది. “ఎవరైనా రావచ్చు. మీ పనిలో మీకు కష్టంగా ఉండేది ఏదైనా సరే,” అని భారతి పిలిచింది. నలభై ఒక్క మందీ పక్కవాళ్ళ వైపు చూశారు. నేను దేవదానానికి సైగ చేశాను. అతను వేదికెక్కి జేబులోంచి కాగితం తీశాడు.

“నమస్కారం. నా పేరు దేవదానం. కోచింగ్‌కు రాకముందు నేను చాలా అయోమయంలో ఉండినాను. భారతి మేడం గారి కోచింగ్ వల్ల నా జీవితంలో వెలుగు నిండింది. వారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు.”

ప్రిన్సిపాల్ గారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. భారతి ఇంకా నోరే తెరవలేదు.

ఆమె నా వైపు ఒక చూపు చూసి, కుర్చీ దగ్గరికి జరిపి అతన్ని కూర్చోమంది.

“ఈ కాగితం మీరు రాసుకున్నదేనా?”

“కాదు మేడం. సార్ రాసిచ్చినారు.”

“చదవాలని మీకుండిందా?”

“లేదు మేడం.”

“మరి చదివినారే?”

“సార్ సెప్పినారు గదా.”

హాలంతా నవ్వింది. నేను ఫ్యాను వైపు చూశాను.

“ఈ పొద్దు మీరు నిజంగా యాడ ఉండాలనుకున్నారు?”

దేవదానం తలొంచుకున్నాడు. పది సెకన్లు గడిచాయి. మా సభల్లో ఇంతసేపు నిశ్శబ్దం ఉందంటే మైకు పోయినట్టే. బాషా పరిగెత్తుకొచ్చి, “హలో, హలో, మైక్ టెస్టింగ్,” అన్నాడు.

“మైకు బాగుండాది బాషా. ఆయన ఆలోచిస్తా ఉండాడు,” అంది భారతి.

“తడలో, మా కూతురింట్లో మేడం,” అన్నాడు దేవదానం. “ఈ పొద్దు మా మనవడి మొదటి పుట్టినరోజు. నా పెండ్లాం నిన్ననే ఆడికి పోయింది. నేను పొద్దున బస్సుకు వస్తానని సెప్పినా. ఇంతలో సార్ రమ్మన్నారు. ఇరవై ఎనిమిదేండ్లుగా స్టేజీలు కడతా ఉండా. ఎవురికీ రానని సెప్పింది లేదు. నా పెండ్లినాడు గూడా ఒకాయన సభకు కుర్చీలు దించి, మళ్ళీ పోయి తాళి కట్టినా.”

అంతే, హాలుకు ప్రాణం వచ్చింది.

“ఫోన్ ఆపేయప్పా!”

“రేటు రెండింతలు సెప్పు, వాళ్ళే రారు!”

“దేవదానం, తెల్లవారుజామున నాలుగింటికి లేచి…” అని ప్రిన్సిపాల్ గారు రెండో మైకు అందుకున్నారు.

“సార్, ఒక్క నిమిషం,” అని భారతి చెయ్యెత్తింది. అందరూ ఆగాక అడిగింది. “రానని చెప్పడం ఎవరి దగ్గర మీకు అన్నిటికన్నా కష్టం?”

దేవదానం మెల్లగా నా వైపు తిరిగాడు. “సార్ దగ్గరే మేడం.”

“సార్‌కు చెప్పాల్సి వస్తే ఏమని చెబుతారు?”

“ఇప్పుడు సెప్పలేను మేడం. సార్ ఈడే ఉండారు.”

కుర్చీలు కదిలిపోయేలా నవ్వారు. అప్పుడే పన్నెండు నిమిషాలూ అయిపోయాయి. చేతికి అలవాటు కదా, టైమైపోయిందని బల్లమీది గంట కొట్టేశాను.

పులిహోర పొట్లాలు పంచాక రిజిస్టరు చూశాను. హాజరు పట్టీలో నలభై ఒక్క సంతకాలు. ‘కోచింగ్ కోరేవారు’ అన్న పేజీలో ఒక్క పేరూ లేదు. భారతి ఖాళీ హాలులో ముందు వరుసలో కూర్చుంది.

“దేవదానాన్ని ముందే తయారు చేసినావని నాతో ఒక్క మాట అనలేదే?”

“అడిగితే వద్దనేదానివి కదమ్మా.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది. ఆ రోజు డైరీలో ‘సభ ముగిసింది’ అని మాత్రం రాసుకున్నాను. ‘జయప్రదంగా’ అనే మాట లేకుండా ఆ వాక్యం రాయడం నాకు అదే మొదటిసారి.

సోమవారం ఉదయం ఆరున్నర. తెర విప్పడానికి ఏడింటికి రావలసిన దేవదానానికి గుర్తుచేద్దామని ఫోన్ చేశాను. వెనక బస్సు హారను వినబడుతోంది.

“సార్… నేను రాను సార్.”

“ఏమన్నావు?”

“రాను సార్. తడకు పోతా ఉండా. కుర్చీలు రేపు ఎత్తుకుంటా. బుధవారం మీ పెన్షనర్ల మీటింగుకు గూడా రాను.”

“బుధవారం ఎందుకు రావు?”

“సెప్పాల్నా సార్?”

“అక్కర్లేదు,” అన్నాను.

“ఇంగొక మాట సార్. ఫ్లెక్సీలో మేడం నంబరు ఉండింది గదా, బస్టాండులో నిలబడి ఫోన్ చేసినా. శుక్రవారం సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు.” ఒక్క ఊపిరిలో అనేశాడు. “మీరు రావద్దు సార్.”

నిచ్చెన వెతుక్కుని తెర నేనే విప్పుతూ ఉండగా భారతి మెట్లెక్కి వచ్చింది. పదింటికి ఇంకా రెండు గంటలుంది. కంపెనీకి రానని అప్పుడే మెయిల్ పెట్టేసిందట.

“నిచ్చెన పట్టుకోనా పెదనాయనా?” అని అడిగింది.

“పట్టుకోమ్మా,” అన్నాను.

ఇంటికొచ్చి డైరీ తెరిచి బుధవారం సభ కోసం ఇలా రాసుకున్నాను: ‘షామియానాకు దేవదానం రాడు. ఐరాలలో ఇంకొకాయన ఉన్నాడు. వీలవుతుందేమో అడగాలి.’