తుపాకీ చెక్క మీద పేరు

మొన్న ఆదివారం మావారు గరాజ్‌లో క్రికెట్ బ్యాట్‌కు అవిసె నూనె పట్టిస్తుంటే, ఆ వాసన వంటింటి దాకా వచ్చింది. పోపు గరిటె చేతిలో అలాగే పట్టుకుని నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. అమెరికాలో మా ఊరు అల్ఫారెట్టాలో ఇల్లు కొన్న కొత్తలో, ఇదే వాసన పట్టుకుని పక్కింటి పెద్దాయన మా గరాజ్ ముందుకు వచ్చారు. చెక్కపని తెలిసిన మనిషి పక్కన దిగాడని ఆయనకు సంబరం. మర్నాడు తన తాతగారి తుపాకీని పాత దుప్పటిలో చుట్టి తెచ్చారు.

"గన్నా? ఇంట్లోకి వద్దని చెప్పండి," అన్నాను మావారితో తెలుగులో, మొహం మీద చిరునవ్వు చెదరకుండా. తీరా చూస్తే ఇనుప భాగాలన్నీ ఊడదీసి ఆయన ఇంట్లోనే తాళం వేసి ఉంచారట. తెచ్చింది భుజానికి ఆనించుకునే చెక్క ఒక్కటే. కాల్చిన వంకాయలా నల్లగా ఉంది. కీళ్ళు వాచిన తన వేళ్ళతో దాన్ని గీకి మెరుగు పెట్టడం ఇక కాదట. మనవరాలికి ఇచ్చేలోపు అది మెరుస్తుంటే ఒకసారి చూడాలని ఆయన కోరిక. మావారు అంతకుముందు చేసిన ఘనకార్యమల్లా ఒక డైనింగ్ టేబుల్. దాని కాలు ఇప్పటికీ ఊగుతుంది. అయినా "నో ప్రాబ్లమ్" అనేశారు. పాడైతే ఇంకొకటి దొరికే వస్తువు కాదని పెద్దాయన వెళ్ళాక గాని మావారికి తట్టలేదు.

వారాంతాల్లో పని మొదలైంది. మందు రాసి వార్నిష్ గీకడం ఆయన వంతు. సొట్టల మీద తడిబట్ట పరిచి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే, ఆవిరికి చెక్క ఉబ్బుతుందని ఏదో వీడియోలో చూశారు. అది నా పట్టుచీరల ఇస్త్రీ పెట్టె కాబట్టి ఆ పని నేనే చేస్తానన్నాను. చుయ్యిమని ఆవిరి లేచి, సొట్ట మెల్లగా పూడుతుంటే పూరీ పొంగినంత ఆనందం! ఇక నేను గరాజ్ వదల్లేదు. వార్నిష్ బాగా మందంగా ఉన్న చివరి భాగాన్ని ఆఖరున గీకుతుంటే, అడుగున వంకర గీతలు బయటపడ్డాయి.

"శాండ్‌పేపర్ రెండు పట్లు పడితే పోతాయిలే," అన్నారు మావారు.

"ఆగండి, అవి అక్షరాలు!" అని చేయి అడ్డం పెట్టి, పెద్దాయనను పిలుచుకొచ్చాను.

ఆయన ఆ గీతల్ని వేలితో తడిమారు. తరవాత వీధంతా వినబడేలా భార్యను కేకేశారు. కుర్రతనంలో ఆవిడ పేరు ఆ తుపాకీ మీద చెక్కితే, తాత చూసి చీవాట్లు పెట్టి, పైన నల్ల వార్నిష్ దట్టంగా పూసేశాడట. పెళ్ళయిన నాటి నుంచి ఆ సంగతి చెబుతున్నా ఆవిడ ఒక్కనాడూ నమ్మలేదట.

తోటపని చేతి తొడుగులతోనే వచ్చిందావిడ. కళ్ళజోడు సవరించుకుని చదివింది. కళ్ళు చెమర్చాయి. వెంటనే, "స్పెల్లింగ్ తప్పు!" అంది.

"తాత వచ్చేశాడు హనీ, దిద్దే టైమ్ లేదు," అన్నారాయన.

నలుగురం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ తప్పును అలాగే ఉంచి నూనె పట్టించాం. ఆఖరి పూత ఆవిడే అరచేత్తో రుద్దింది. చెక్క తేనెరంగు తేలింది. "నా పేరే సరిగ్గా రాయలేనివాణ్ణి చేసుకున్నాను" అని ఆవిడ, "చేసుకున్నావుగా!" అని ఆయన, దాన్ని చెరో కొసా పట్టుకుని ఇంటికి నడిచారు. వయసు ఎవరికోసమూ ఆగదంటారు గాని, ఆ సాయంత్రం మా పచ్చిక మీద అది వాళ్ళిద్దరికీ దారి వదిలి కాసేపు పక్కన నిలబడిందనే నాకనిపించింది.