ఇప్పుడొస్తాది

దెయ్యాల కబుర్లు నాకు పడవు. ఎవరైనా మొదలుపెడితే "టార్చి వేసి చూశావా?" అని మొహమ్మీదే అడిగేసే రకం నేను. దీన్నీ అలాగే కొట్టిపారేద్దామని చాలా చూశాను.

తొంభైల్లో మాట. అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, వైజాగ్ హార్బర్లో పనిచేసేవాడు. ఆదివారం వస్తే చోడవరంలో మా ఇంట్లోనే. ఓడల మీద వచ్చేవాళ్ళ దగ్గర అమెరికా క్యాసెట్లు సంపాదించేవాడు. వాటిలో ఒకటంటే ప్రాణం. ఒకవైపు అమెరికా నల్లవాళ్ళ పాత సోల్ పాట, ఇంటికి వచ్చెయ్యమని ఎవర్నో బతిమాలుతూ పాడేది. రెండోవైపు అదే బేస్ గిటార్ వరస మీద కుర్రాళ్ళ ర్యాప్.

"మాటలు తరవాతరా, ముందు కిందన నడిచే బేస్ ఇను," అనేవాడు. "పాత పాట సచ్చిపోనేదు సూడు. ఈ కుర్రోళ్ళ నోట్లోంచి మళ్ళీ మాటాడతంది."

సోల్ పాట మధ్యలో అన్నీ ఆగిపోయి బేస్ ఒక్కటే మిగులుతుంది. అక్కడ మావయ్య వేలెత్తి "సూడు, ఇప్పుడొస్తాది" అనేవాడు. దభీమని డ్రమ్ము పడేది. "ఏటిరా ఈ గోల" అంటూనే, బియ్యంలో రాళ్ళేరుతున్న అమ్మ కాలు తాళం వేసేది.

ఒక వానాకాలం మావయ్య కామెర్లతో పోయాడు. అమ్మ తిండి మానేసింది. "ఒక్కపాలి ఆడి గొంతు ఇంటే సాలు," అని ఒకటే ఏడుపు.

ఒక మధ్యాహ్నం, కాస్త ఊరటగా ఉంటుందని ఆ క్యాసెట్ వేశాను. బేస్ ఒక్కటే మిగిలిన చోట, స్పీకర్లోంచి మావయ్య గొంతు. "సూడు, ఇప్పుడొస్తాది." వెంటనే డ్రమ్ము.

పొరపాటున రికార్డయిందనుకుందామా, అది కంపెనీ క్యాసెట్. రికార్డు కాకుండా వెనక ముక్కలు విరిచేసే ఉన్నాయి. మా టేప్ రికార్డర్‌కి రికార్డు చేసే మీట ఎప్పుడో ఊడిపోయింది.

అమ్మ మాత్రం భయపడలేదు. చాలా రోజులకి నవ్వింది.

"డ్రమ్ము కాదురా, నా గురించే. అక్క ఇప్పుడొస్తాది అని ఎవులికో సెప్తన్నాడు."

"అలాటి మాటలనకే అమ్మా!" అని కసిరాను. మా వైపు డ్రమ్మైనా, అక్కైనా "వస్తాది" ఒక్కటే మరి. అమ్మ కూడా ఎక్కడ పోతుందోనని క్యాసెట్ దాచేశాను. ఎంత అడిగినా వెయ్యలేదు.

ఆ చలికాలమే అమ్మ నిద్రలో పోయింది. ఏ జబ్బూ లేదు.

కర్మలయ్యాక క్యాసెట్ తీసి వేశాను. బేస్ నడిచింది. మావయ్య మాట లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను. లేదు.

ఆ మాట టేపులోకి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ చోటు రాగానే వేలెత్తి ఇప్పుడు నేనే అంటాను, "ఇప్పుడొస్తాది" అని.

డ్రమ్ము వస్తుంది. అమ్మ రాదు.